కదలని ఆటోమేటిక్ కారును కదలించు విధము

గడచిన వానకాలమున ఒక సాయంకాలము, హోసూరు పట్టణపు వెలుపల, కృష్ణగిరి వైపు పోవు రహదారిని ఆనుకొనియున్న ప్రక్కదారిలో ఒక కారు నిలిచిపోయినది. దాని బ్యాటరీ పూర్తిగా చచ్చినది. దీపము వెలుగలేదు, హారను మ్రోగలేదు. వెనుక వాహనములు బారులు తీరినవి. ఆ బారులో ఒక అంబులెన్సు కూడ చిక్కుకొని కేకలు వేయుచుండెను.

ఇటువంటి వేళ మన యూరి జనులను పిలువనక్కఱలేదు. టీ అంగడి నుండి నలుగురు, ఆటోలు నిలుచు చోటి నుండి ఇద్దరు, కూరగాయల బండ్ల వద్దనున్నవారు ఒకరిద్దరు వచ్చి చేతులు వేసిరి. “ఏమప్పా, గేరులో ఉండాదేమో చూడు” అని ఒకరు, “హ్యాండుబ్రేకు దించినావా సామీ” అని మఱొకరు అనుచుండిరి. ఎనిమిదిమంది కూడి త్రోసినను కారు ముందుకును వెనుకకును రవంత ఊగినదే కాని, చక్రము తిరుగలేదు. కారు నడుపువాడు పాపము, గేరు కడ్డీని పట్టుకొని లాగుచునే యున్నాడు. అది పిడివేసినట్లు నిలిచియున్నది.

అంతలో వయసు మీరిన మెకానిక్కు ఒకరు వచ్చి, కారులోనికి వంగి, గేరు కడ్డీ ప్రక్కనున్న గోరంత మూతను స్క్రూడ్రైవరుతో ఊడదీసి, ఆ రంధ్రమున తాళపుచెవిని దూర్చి నొక్కి, “బ్రేకు గట్టిగా తొక్కిపట్టు నాయనా” అనిరి. కడ్డీ కదలి ‘ఎన్’ అను అక్షరము వద్దకు వచ్చినది. ఇద్దరు త్రోయగనే కారు ప్రక్కకు జరిగినది, అంబులెన్సు పోయినది. ఆ పనికి పట్టినది అర నిమిషము. దానికి ముందు పోయినది పావుగంట. ఆ పావుగంటలో అక్కడ చేరినవారికి లోపించినది బలము కాదు, ఒక చిన్న తెలివిడి మాత్రమే. దానిని వివరించుటయే ఈ పాఠమునకు పని.

ముందుగా ‘న్యూట్రలు’ అనగా ఏమో చూతము. ఎడ్లబండిని ఎఱిగినవారికి ఇది కష్టము కాదు. కాడికి ఎద్దులు కట్టియున్నంతవరకు బండి వాటి యడుగును అనుసరింపవలసినదే. ఎద్దులను విప్పినచో ఇద్దరు మనుష్యులు బండిని ఎటు కావలెనన్న అటు నెట్టవచ్చును. కారునందు ఇంజను ఎద్దుల స్థానమున ఉన్నది. ఇంజనుకును చక్రములకును గల సంబంధమును విప్పి యుంచు స్థితియే న్యూట్రలు. ‘పి’ అనునది దీనికి పూర్తిగా వేఱు. అది విప్పిన బండి చక్రపు ఆకుల నడుమ గట్టి కఱ్ఱ దోపినట్టిది. గేరు పెట్టెలోపల, చక్రములతో కూడ తిరుగు ఇరుసుకు ఒక పండ్ల చక్రము అమర్చియుందురు. కడ్డీని ‘పి’ లో ఉంచగనే ఉక్కు కొండి ఒకటి ఆ పండ్ల నడుమకు దిగును. ఎనిమిదిమంది కాదు, ఎనుబదిమంది త్రోసినను ఆ కొండి లేవదు. పైపెచ్చు వాలునందు నిలిచిన కారు బరువంతయు దానిపైనే పడి మఱింత బిగియును.

ఆటోమేటిక్ గేరు పెట్టె క్రొత్త వస్తువేమియు కాదు. అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థ 1939లో, తన 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లకు ‘హైడ్రమాటిక్’ అను పెట్టెను అమర్చినది. పెద్ద సంఖ్యలో తయారై అమ్ముడుపోయిన వానిలో అదియే మొదటిది. విచిత్రమేమనగా ఆ తొలి పెట్టెలో ‘పి’ స్థానమే లేదు. ఇంజను ఆపి కడ్డీని వెనుక గేరులో ఉంచినచో చక్రములు బిగిసెడివి. మన దేశమున ఆటోమేటిక్ కార్లు చాలకాలము ధనవంతుల ముచ్చటగానే ఉండెను. 2014లో మారుతి సంస్థ సెలేరియో కారుతో చౌకరకపు ఆటోమేటిక్ పద్ధతిని తెచ్చిన పిమ్మట మధ్యతరగతి యిండ్లకు, తరువాత అద్దె కార్లకు కూడ అవి వచ్చినవి. బెంగుళూరు రాకపోకల రద్దీలో క్లచ్చి తొక్కి తొక్కి విసిగిన మన హోసూరు ఉద్యోగులు వానిని ఇష్టపడుట సహజమే.

ఇక కడ్డీ ఎందుకు పిడివేసినది? దీనికొక చరిత్ర కలదు. 1980ల దశకమున అమెరికాలో ఆడి 5000 అను కార్లు, నిలిచియున్నచోటి నుండి తమంతట తామే దూకుచున్నవని గగ్గోలు పుట్టినది. అక్కడి ప్రభుత్వ భద్రతాసంస్థ విచారించి, పలు సందర్భములలో బ్రేకు అనుకొని యాక్సిలరేటరును త్రొక్కుటయే కారణమని 1989లో తేల్చినది. అంతకు మునుపే ఆడి సంస్థ ఒక అడ్డు ఏర్పాటు చేసినది. బ్రేకు త్రొక్కనిదే కడ్డీ ‘పి’ నుండి కదలకుండునట్లు ఒక విద్యుత్ గడియ పెట్టినది. నేడు ఇది దాదాపు ప్రతి ఆటోమేటిక్ కారునందును కలదు. గడియ తీయుటకు విద్యుత్తు కావలెను. బ్యాటరీ చచ్చినచో బ్రేకు ఎంత త్రొక్కినను గడియ తెఱచుకొనదు. ప్రాణరక్షణకై పెట్టిన తలుపే సమయమునకు తెఱవరాని తలుపైనది. తయారుచేయువారు ఈ సంగతి ఎఱుగనివారు కారు గనుక, చేతితో తీయుటకు ఒక దొంగదారి ఉంచిరి. మన మెకానిక్కు ఊడదీసిన చిన్న మూత అదియే.

ఆ మూత తెఱచునపుడు పాటింపవలసిన వరుస యొకటి కలదు. మొట్టమొదట హ్యాండుబ్రేకును పూర్తిగా లాగియుంచవలెను. చక్రమునకు రాయి పెట్టవలెను. వాలు ఎటున్నదో ఆ వైపున, చక్రమును ఆనించి, పిడికిలికి మించిన పెద్ద రాయినే పెట్టవలెను. హోసూరు చంద్రచూడేశ్వరస్వామి రథోత్సవమును చూచినవారు, రథచక్రముల క్రింద మ్రాను దుంగలు వేయువారిని గుర్తు తెచ్చుకొనవలెను. లాగువారు వందలుండవచ్చును, రథము ఎక్కడ నిలువవలెనో నిర్ణయించునది ఆ దుంగ పట్టినవారే. కారు విషయమునను అంతే. ‘పి’ కొండి లేచిన మరుక్షణమున ఆ వాహనమును పట్టియుంచునది ఆ రాయియు, హ్యాండుబ్రేకును తప్ప మఱేమియు లేదు.

తరువాత నొకరు నడుపువాని స్థానమున కూర్చుండి, తాళపుచెవిని ‘ఆన్’ స్థానమునకు త్రిప్పవలెను. ఇంజను తిరుగకున్నను, స్టీరింగు తాళము విడిపోవుటకు ఇది అవసరము. బ్రేకును బలముగా త్రొక్కిపట్టవలెను. ఇంజను ఆగియున్నపుడు బ్రేకునకు సాయపడు శక్తి రెండు మూడు త్రొక్కులలో అయిపోయి, పెడలు రాయివలె గట్టిపడును. అది చెడిపోయినట్లు కాదు, కాలి బలమంతయు ఉపయోగింపవలెనని దాని యర్థము. అప్పుడు మూతను ఊడదీసి, లోపలి మీటను తాళపుచెవితోనో స్క్రూడ్రైవరుతోనో నొక్కిపట్టి, కడ్డీపైనున్న బొత్తామును కూడ నొక్కి, ‘ఎన్’ వఱకు మాత్రమే తేవలెను. తొందరలో ‘డి’ వఱకు లాగువారు కలరు. అది పొరపాటు.

ఆ మూత అన్ని కార్లలోను ఒకేచోట ఉండదు. కొన్నింట కడ్డీ ప్రక్కనే కనబడును. కొన్నింట కడ్డీ చుట్టునున్న తోలు తొడుగు క్రింద దాగియుండును. మఱికొన్నింట పానీయపు గిన్నె ఉంచు గుంట అడుగున రబ్బరు బిళ్లను ఎత్తిన గాని దొరకదు. కడ్డీకి బదులు గుండ్రని మీటయో బొత్తాములో గల నవీన వాహనములలో మూతయే ఉండకపోవచ్చును. కొన్నింట కాలివైపు పలక లోపల ఒక పట్టీయో తీగయో ఉండును, దానిని లాగినచో కొండి లేచును. అదియును లేనిచో విద్యుత్తును అరువు తెచ్చుకొనుట తప్ప వేఱు దారి లేదు. మఱొక వాహనపు బ్యాటరీ నుండి కేబుళ్లు కలిపి, ధనధ్రువమును ధనధ్రువమునకు ముందు తగిలించి, రెండవ తీగను మంచి బ్యాటరీ ఋణధ్రువము నుండి తెచ్చి, చచ్చిన వాహనపు ఇంజనులో రంగు లేని ఇనుపభాగమునకు కలిపినచో చాలును. ఇంజను తిరుగకపోయినను, గడియ తెఱచుకొనునంత విద్యుత్తు వచ్చును. విద్యుత్ కార్లకును ఇదే దారి. వాని పెద్ద బ్యాటరీ నిండుగానే ఉండి, దీపములకును గడియలకును విద్యుత్తు నిచ్చు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చచ్చినచో వాహనము మొద్దువలె పడియుండును.

చౌకరకపు ఆటోమేటిక్ అని పైన చెప్పితిని. అది వేఱు జాతి. దాని గేరు పెట్టె మామూలు పెట్టెయే, క్లచ్చిని మాత్రము యంత్రము త్రొక్కును. అందు పెక్కింటికి ‘పి’ స్థానము లేదు. గేరులో ఉండగా విద్యుత్తు పోయినచో గేరు అట్లే పట్టియుండును, మూత వెదకి ప్రయోజనము లేదు. బ్యాటరీ కలుపుటయో, చక్రములెత్తి లాగుటయో చేయవలెను. మన పిల్లలు దినమును ఎక్కు గేరులేని స్కూటరుకు ఈ బాధ ఏదియు లేదు. దాని క్లచ్చి ఇంజను వేగముగా తిరిగినపుడు మాత్రమే విచ్చుకొని చక్రమును పట్టును. ఇంజను ఆగగనే విడిచిపెట్టును. కనుక చెడిన స్కూటరును ఇంటిదాక నెట్టుకొని పోవచ్చును.

ఇక్కడ ఒక మాట. ఈ వివరములన్నియు ప్రతి కారుతోను వచ్చు పుస్తకమునందు బొమ్మలతో సహా ఉన్నవి. కాని ఆ పుస్తకము సాధారణముగా ఆంగ్లమున ఉండును. అద్దె కారు నడిపి కుటుంబమును పోషించు మన తండ్రులలోను అన్నలలోను దానిని విప్పి చదివినవారు ఎందఱు? చాలమంది దానిని ప్లాస్టిక్ సంచి కూడ చింపక డ్యాష్‌బోర్డు అఱలో ఉంచుదురు. మన పాఠశాలలో ఆంగ్లము, తెలుగు రెండును నేర్చుచున్న విద్యార్థులు చేయదగిన పని యిది. ఆ పుటను వెదకి, ఇంటివారికి చదివి తెలుగున చెప్పి, మూత ఎక్కడ నున్నదో, దేనితో తీయవలెనో, విద్యుత్తు లేనిచో పనిచేయునో లేదో ఒక చిన్న కాగితమున వ్రాసి ఎండ తెరకు అంటింపవచ్చును. వీలైనచో సమతలమున, పగటివేళ, పెద్దవారి యెదుట ఒకసారి చేసి చూడవలెను. చీకటిలో వానలో మొదటిసారి వెదకుట చాల కష్టము.

రాయి పెట్టుమని ఊరక చెప్పలేదు. 2016 జూనులో అమెరికాలో ఆంటన్ యెల్చిన్ అను యువనటుడు, తన యింటి వాలుదారిలో జీప్ గ్రాండ్ చెరొకీ వాహనము దొర్లివచ్చి ఒత్తుకొనగా మరణించెను. ఆ నమూనాలో కడ్డీని ఎటు కదలించినను విడువగనే నడిమికి వచ్చి నిలుచును. అందువలన ‘పి’ లో ఉన్నదో ‘ఎన్’ లో ఉన్నదో చేతికి తెలియదు. ఆ సంస్థ అదే సంవత్సరము సుమారు 11 లక్షల వాహనములను సరిచేయుటకు వెనుకకు పిలిచియుండెను. న్యూట్రలులో ఉన్న కారుకు ముందుగాని, పల్లపు వైపున గాని మనిషి నిలువరాదు. ఎగువకు త్రోయ ప్రయత్నింపరాదు. రెండు వాహనముల నడుమ దూరి త్రోయుట అన్నిటికంటె అపాయకరము. మన జనులు ఉత్సాహమున చేయునది సరిగా అదియే.

ఇంతవరకు నిలిచిన వాహనమును గూర్చి చెప్పితిని. పరుగెత్తుచున్న వాహనమున కూడ న్యూట్రలు ప్రాణము కాపాడు ఘట్టమొకటి కలదు. 2009 ఆగస్టు 28న కాలిఫోర్నియాలోని శాన్ డియాగో సమీపమున, ఒక లెక్సస్ ఈఎస్ 350 కారు ఆగక పరుగెత్తి ప్రమాదమునకు గురికాగా, దానిని నడుపుచున్న పోలీసు ఉద్యోగితో సహా ఒకే కుటుంబమునకు చెందిన నలుగురు మరణించిరి. మఱొక నమూనాకు చెందిన క్రింది చాప యాక్సిలరేటరును పట్టివేసినదని విచారణలో తేలినది. ఆ కారులో ఇంజను ఆపు బొత్తామును మూడు సెకనులు నొక్కిపట్టవలెను. ఆ భీతిలో మూడు సెకనుల నియమము ఎవరికి తోచును? నడుపువాడు వేగముతో పెనుగులాడు శిక్షణ గలవాడే. అయినను అది చాలలేదు.

యాక్సిలరేటరు చిక్కుకొన్నచో కడ్డీని ‘డి’ నుండి ‘ఎన్’ కు ముందుకు నెట్టవలెను. చాల కార్లలో దీనికి బొత్తాము నొక్కనక్కఱలేదు, అఱచేతితో త్రోసిన చాలును. ఇంజను ఒక్కసారిగా బొబ్బలు పెట్టును. పెట్టనిండు. చక్రములకు ఆ బలము అందదు. బ్రేకును ఒకే పట్టున గట్టిగా త్రొక్కవలెను. మాటిమాటికి వదలి త్రొక్కినచో సాయశక్తి ఖర్చైపోవును. బండి నిలిచిన తరువాతనే ఇంజనును ఆపవలెను. ముందే ఆపినచో స్టీరింగు బరువెక్కును. తాళపుచెవిని బయటికి లాగినచో స్టీరింగు బిగిసియేపోవును. దీనికి తలక్రిందైన సందర్భమొకటి ఉన్నది. రహదారిపై పోవుచుండగా ఇంజనే ఆగిపోయినచో, ‘డి’ లో ఉండగా దానిని తిరిగి పుట్టింపలేము. ‘పి’ లో గాని ‘ఎన్’ లో గాని ఉన్నప్పుడే స్టార్టరు పనిచేయునట్లు కట్టడి చేసియుందురు. కదలుచున్న బండిని ‘పి’ లో పెట్టరాదు గనుక ‘ఎన్’ ఒక్కటే గతి. ‘ఎన్’ కు తెచ్చి ఒకసారి ప్రయత్నించి, పుట్టకున్నచో మిగిలిన వేగముతోనే ఎడమ అంచునకు చేరవలెను.

దీనిని చదివి ఎవ్వరును న్యూట్రలులో దిగుడు దిగవలెనని తలపకుందురు గాక. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 880 మీటర్ల యెత్తున ఉన్నది, కృష్ణగిరి సుమారు 500 మీటర్ల యెత్తున. నడుమ నున్న సుమారు 50 కిలోమీటర్లలో, ముఖ్యముగా శూలగిరి ప్రాంతమున, దారి దిగుచునే యుండును. ఇంకను దక్షిణమున ధర్మపురి దాటిన పిమ్మట తొప్పూరు కనుమ ఉన్నది. 2020 డిసెంబరులోను 2024 జనవరిలోను అక్కడ లారీలు ఇతర వాహనములపై పడి ప్రాణనష్టము జరిగినది. డీజిలు మిగులునని బరువు లారీలను న్యూట్రలులో దింపు అలవాటు ఆ కనుమకు పాతశాపము. గేరులో ఉన్న ఇంజను చక్రములను వెనుకకు లాగిపట్టును. న్యూట్రలులో ఆ భారమంతయు బ్రేకులపై పడి, అవి కాగి, పట్టు విడుచును. చెడిన వాహనమునకు న్యూట్రలు మందు. బాగున్న వాహనమునకు దిగుడులో అది విషమే.

రైలు గేటు సంగతి వేఱుగా చెప్పవలెను. కృష్ణగిరి పట్టణమునకు రైలు లేదు గాని జిల్లాలో రాయకోట, కెలమంగలము, హోసూరుల మీదుగా ఒక మార్గము, సామల్‌పట్టి మీదుగా మఱొక మార్గము ఉన్నవి. బ్రాడ్‌గేజి మార్గములలో కాపలా లేని గేట్లు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి. కావున పట్టాలపై వాహనము నిలిచినచో పిలుపునకు అందునంత దూరమున గేటు కాపరి ఉండును. మొదట లోపలి వారిని, అందును ముందు పిల్లలను దింపవలెను. రెండవది గేటు కాపరికి చెప్పుట. రైలును ఆపించు సాధనములు ఆయన వద్ద ఉన్నవి. మూతను వెదకుట మూడవ పని, అదియును రైలు రాకడ లేదని ఆయన చెప్పిన తరువాతనే. రైలు కనబడినచో కారు ఆశ వదలి, పట్టాలకు దూరముగా, రైలు వచ్చుచున్న దిక్కునకు ఏటవాలుగా పరుగెత్తవలెను. రైలు పోవు దిక్కునకు పరుగెత్తినచో, గ్రుద్దబడిన కారు ముక్కలు వెంటబడి తగులును.

వరదనీటి విషయమునను మనుష్యులే ముందు. 2024 డిసెంబరు ఆరంభమున ఫెంగల్ తుపాను వేళ మన జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క దినమున సుమారు 50 సెంటీమీటర్ల వాన కురిసి, నిలిపియుంచిన వాహనములు ప్రవాహమున కొట్టుకొనిపోయినవి. ఆ నీటికి ‘పి’ కొండియు లెక్కకాదు, న్యూట్రలును లెక్కకాదు. పారు నీటిలో వాహనమును త్రోయబోవరాదు. రైలువంతెన క్రింద నిలిచిన మోకాలిలోతు నీటిలో ఇంజను ఆగినచో మాత్రము మూత తెఱచి త్రోయుట తగును. అట్టి ఇంజనును తిరిగి స్టార్టు చేయరాదు. లోపల చేరిన నీరు గాలివలె అణగదు గనుక, పిస్టనును పట్టియుంచు కడ్డీలు వంగిపోవును.

వెడల్పు రహదారిపై, వాహనములు వేగముగా వచ్చు చోట, త్రోయుటకు పూనుకొనక ముందే హెచ్చరిక దీపములు వెలిగించి, ఎఱ్ఱ త్రికోణమును తగినంత వెనుకగా నిలిపి, జనులు దారి అంచు కడ్డీల ఆవలికి పోవలెను. జాతీయ రహదారి సాయమునకు 1033, ఎట్టి ఆపదకైనను 112 అను సంఖ్యలున్నవి.

త్రోసి స్టార్టు చేయుట అను పాత విద్య ఇచ్చట చెల్లదు. మామూలు కారులో చక్రము తిరిగినచో క్లచ్చి ద్వారా ఇంజను తిరుగును. నూనెతో బలము నందించు ఆటోమేటిక్ పెట్టెలో ఆ నూనెకు ఒత్తిడి నిచ్చు పంపును ఇంజనే త్రిప్పవలెను. అది ఆగియున్నపుడు చక్రమునకును ఇంజనుకును పొత్తు కుదరదు. లాగుకొని పోవుటలోను చిక్కు ఇదే. న్యూట్రలులో ఉంచినంత మాత్రమున దూరము లాగవచ్చునని తలపరాదు. పంపు ఆగియుండగా చక్రములు తిరిగినచో లోపలి పండ్ల చక్రములు నూనె అందక అరిగి మాడిపోవును. కొన్ని కార్ల పుస్తకములలో ఇంత వేగమున ఇంత దూరమే అని అనుమతి ఉండును, కొన్నింట బొత్తిగా నిషేధము. మన దారులపై కనబడు చిన్నకార్లలో చాలవఱకు ముందు చక్రములే నడుపు చక్రములు గనుక, వానిని నేలకు తాకకుండ ఎత్తి లాగవలెను. నాలుగు చక్రములును నడుపు వాహనమైనచో లారీపై ఎక్కింపవలసినదే. రాత్రివేళ వచ్చిన క్రేను మనిషికి ఇది ఏ జాతి బండియో తెలియకపోవచ్చును. కొక్కెము తగిలించుటకు ముందే, “అన్నా, ఇది ఆటోమేటిక్ బండి. ముందు చక్రాలు ఎత్తి కట్టన్నా” అని చెప్పవలెను.